లాగర్ రుచి పాఠాలు – 3: అమెరికా గడ్డ మీద జర్మన్ బీరు

బీరులో మాల్ట్ అనే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, హాప్స్ అనే చేదు పువ్వులు, పులియబెట్టే ఈస్ట్, నీరు రుచికి ఏమిస్తాయో మొదటి పాఠంలో చూశాం. గ్లాసు శుభ్రతను పరీక్షించడం, వాసన పట్టడం రెండో పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు పేరు చూడకుండానే పిల్స్, హెల్లెస్ అనే రెండు లేత రంగు లాగర్లను, అంటే చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీర్లను, విడదీయగలగాలి. మార్జెన్ అనే రాగి రంగు లాగర్‌లో మాల్ట్ ఇచ్చే నిండుదనం ఏదో, ఊరికే అంటుకునే తీపి ఏదో గుర్తించగలగాలి. అభ్యాసానికి అమెరికాలోని బ్రూవరీలు చేసే జర్మన్ తరహా బీర్లనే తీసుకుందాం.

జర్మనీ నుంచి వచ్చిన సీసానే కొనవచ్చు కదా అని అమెరికాలోని తెలుగు పాఠకులు అడగవచ్చు. కొనవచ్చు. అయితే లేత రంగు లాగర్‌ను కాలం, వేడి, వెలుతురు మూడూ పాడు చేస్తాయి. సముద్రం దాటి, గోదాములో కొన్నాళ్లు, దుకాణం దీపాల కింద ఇంకొన్నాళ్లు గడిపిన ఆకుపచ్చ సీసాలో మ్యూనిక్ రుచి మిగలదు. తడిసిన అట్టపెట్టె వాసన, ముదిరిన తేనె లాంటి తీపి చేరతాయి. అదే జర్మన్ రుచి అనుకుని నాలుకకు అలవాటు చేస్తే, తరువాత సరిదిద్దుకోవడం కష్టం. మీ దగ్గరలోని బ్రూవరీ నెల కిందట డబ్బాలో నింపిన పిల్స్ మన పనికి అంతకంటే మేలు. డబ్బా అడుగున అచ్చు వేసిన తేదీ చూసి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే చోటే కొనండి.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. పెన్సిల్వేనియాలోని పాట్స్‌విల్‌లో 1829లో యూంగ్లింగ్ బ్రూవరీని స్థాపించింది వ్యుర్టెంబెర్గ్ నుంచి వలస వచ్చిన జర్మన్. 1840 ప్రాంతంలో జాన్ వాగ్నర్ జర్మనీలోని బవేరియా నుంచి లాగర్ ఈస్ట్‌ను ఫిలడెల్ఫియాకు తెచ్చాడని చెబుతారు. ఆ తరువాత మిల్వాకీ, సెయింట్ లూయిస్, సిన్సినాటీ జర్మన్ బ్రూవర్లతో నిండిపోయాయి. అమెరికాలో పండే ఆరు వరుసల బార్లీలో మాంసకృత్తులు ఎక్కువ కావడంతో బీరు మసకబారేది. మొక్కజొన్న, బియ్యం కలిపి దాన్ని తేలిక చేశారు. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది. దాన్ని తట్టుకుని నిలిచిన పెద్ద కంపెనీలు ఆపై చేదును ఏటికేడు తగ్గించుకుంటూ పోయాయి.

1980లలో చిన్న బ్రూవరీలు పుట్టినప్పుడు ఎక్కువ మంది వెచ్చగా, త్వరగా పులిసే ఏల్ అనే రకం వైపే వెళ్లారు. ఏల్ రెండు మూడు వారాల్లో సిద్ధమవుతుంది. మంచి లాగర్ చేయాలంటే ట్యాంకును ఆరు నుంచి ఎనిమిది వారాలు దానికే వదిలేయాలి. చేతిలో డబ్బు, స్థలం రెండూ తక్కువగా ఉన్నవారికి అది మాటలు కాదు. అయినా లాగర్‌నే నమ్ముకున్నవారున్నారు. డాన్ గోర్డన్ మ్యూనిక్ దగ్గరి వైహెన్‌స్టెఫాన్‌లో బ్రూయింగ్ ఇంజనీరింగ్ చదివి, 1988లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో గోర్డన్ బీర్ష్‌ను భాగస్వామితో కలిసి ప్రారంభించాడు. బిల్ కోవలెస్కీ, రాన్ బార్షెట్ అనే చిన్ననాటి స్నేహితులు జర్మనీలో చదువుకుని వచ్చి 1996లో డౌనింగ్‌టౌన్‌లో విక్టరీ బ్రూవరీ తెరిచారు. మసాచుసెట్స్‌లో ముగ్గురు అన్నదమ్ములు 2011లో జాక్స్ ఆబీ పెట్టి, లాగర్లే చేస్తామని తీర్మానించుకున్నారు. డెన్వర్‌లోని బీర్‌స్టాట్ లాగర్‌హౌస్ జర్మనీ నుంచి తెచ్చిన పాత రాగి పాత్రల్లో బీరు కాస్తుంది. సంతలో సగం మంది వేగంగా అమ్ముడయ్యే ఐపీఏ అనే చేదు ఏల్‌ల వెంట పరిగెత్తుతున్న రోజుల్లో వీరు చూపిన ఓపిక మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

పిల్స్, హెల్లెస్

ఈ రెండింటినీ పక్కపక్కన పోస్తే కంటికి తేడా తెలియదు. రెండూ లేత బంగారు రంగు, రెండూ 5 శాతం ఆల్కహాల్‌కు అటూ ఇటూ. మాల్ట్ ఒకటే, చాలా బ్రూవరీల్లో ఈస్ట్ కూడా ఒకటే. పిల్స్‌కు మూలమైన పిల్స్నర్ పుట్టింది 1842లో, ఇప్పటి చెక్ దేశంలోని ప్లిజెన్ నగరంలో. బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ దాన్ని చేశాడు. దాని ఆదరణ చూసి మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ 1894లో హెల్లెస్‌తో జవాబు చెప్పింది. ప్లిజెన్ నీరు మెత్తనిది, అంటే లవణాలు తక్కువ; మ్యూనిక్ నీటిలో బైకార్బొనేట్ అనే లవణం ఎక్కువ. అలాంటి నీటితో లేత రంగు బీరులో హాప్స్ గట్టిగా వేస్తే చేదు మొరటుగా తేలుతుంది. అందుకే హెల్లెస్‌లో చేదు తక్కువ, మాల్ట్‌కు పెద్దపీట. ఇప్పటి కొలతల్లో హెల్లెస్ చేదు 16 నుంచి 22 యూనిట్లు, జర్మన్ పిల్స్ చేదు 22 నుంచి 40 యూనిట్లు.

ఈ అంకెలను నాలుకతో పట్టుకునే పద్ధతి ఇది. ఒక గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, మింగండి. తరువాత మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టండి. మూడు, నాలుగు దగ్గరే చేదు కరిగిపోయి, అప్పుడే కాల్చిన రొట్టె మెత్తటి భాగం రుచి మిగిలితే అది హెల్లెస్. పది దాటినా చేదు నాలుక వెనక నిలబడి, నోరు పొడిబారి, ఇంకో గుక్క అడిగితే అది పిల్స్. మొదటి గుక్కతో తీర్పు చెప్పవద్దు, మూడో గుక్క నుంచే నాలుక నిజం చెబుతుంది.

అభ్యాసానికి విక్టరీ వారి ప్రైమా పిల్స్ చక్కగా సరిపోతుంది. యూరప్ హాప్స్‌ను గుళికలుగా మార్చకుండా పువ్వులుగానే వాడతారు, కాబట్టి గడ్డి, పూల పరిమళం స్పష్టంగా వస్తుంది. దాని పక్కన మీ ఊరి బ్రూవరీ హెల్లెస్ పెట్టండి. కొన్ని చోట్ల పిల్స్‌లో సిట్రా వంటి అమెరికన్ హాప్స్ వేస్తారు. మామిడి, పంపరపనస వాసన వస్తే అదీ సంగతి. ఆ బీరు బాగుండవచ్చు, కానీ జర్మన్ పిల్స్ నేర్చుకునే రోజున దాన్ని పక్కన పెట్టండి. జర్మనీలో పండే హాల్లెర్టావ్, టెట్‌నాంగ్, స్పాల్ట్ హాప్స్‌లో ఆ పండ్ల వాసన ఉండదు.

మొదటి అభ్యాసం: మూడు గ్లాసులు

ఇంట్లో ఎవరినైనా సాయం అడగండి. మూడు గ్లాసుల్లో 60 మిల్లీలీటర్ల చొప్పున పోయమనండి. రెండింటిలో ఒకే బీరు, మూడోదానిలో వేరేది. ఏది ఏదో వారికి మాత్రమే తెలియాలి. వేరుగా ఉన్నదాన్ని మీరు కనుక్కోవాలి. ఊహతో చెప్పినా మూడింట ఒకసారి నెగ్గుతారు గనుక, ఒక్కసారి సరిగ్గా చెప్పడం లెక్కలోకి రాదు. వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ చేసి, నోటు పుస్తకంలో రాసుకోండి. బీరు 7 డిగ్రీల దగ్గర ఉండాలి, అంటే ఫ్రిజ్ నుంచి తీసి కాసేపు ఆగాలి. మంచులా చల్లగా ఉంటే మాల్ట్ నోరు విప్పదు. 21 ఏళ్లు నిండనివారు, ఆ తరువాత కారు నడపాల్సినవారు ఈ అభ్యాసం చేయకూడదు.

లోపాల వాసన

పులిహోరలో చిన్న మాడు వాసన దాక్కుంటుంది, తెల్లన్నంలో దాక్కోదు. హెల్లెస్ తెల్లన్నం లాంటిది. అందుకే లోపాలను పసిగట్టడం దీనితోనే నేర్చుకోవాలి. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే వోర్ట్‌ను, అంటే ఇంకా పులియని మాల్ట్ కషాయాన్ని, తగినంతసేపు మరిగించలేదని, లేదా మరిగాక త్వరగా చల్లార్చలేదని అనుమానించాలి. స్వీట్‌కార్న్ డబ్బాలోని నీటి చుక్కలు కొన్ని తేలికపాటి లాగర్‌లో కలిపితే ఆ వాసన ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలుస్తుంది. వెన్న వాసన పులిసేటప్పుడు పుట్టే డయాసిటైల్ అనే పదార్థానిది. పులియడం చివర్లో ఈస్ట్ దాన్ని తిరిగి పీల్చుకోవాలి. తొందరపడి ట్యాంకును ముందే చల్లబరిస్తే అది మిగిలిపోతుంది. జర్మన్ లాగర్లో వెన్న వాసన ఉందంటే, ఆ బ్రూవరీ ఎదురుచూడలేకపోయిందని అర్థం.

వెలుతురు చేసే చేటు చూడాలంటే ఒకే పిల్స్‌ను రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదాన్ని పావుగంట ఎండలో, మరొకదాన్ని నీడలో ఉంచండి. ఎండలోనిది కంపు కొడుతుంది. హాప్స్ చేదు పదార్థాలను వెలుతురు విరిచేసి గంధకపు సమ్మేళనం పుట్టిస్తుంది. రాత్రిళ్లు అమెరికా రహదారుల మీద ప్రయాణించినవారికి స్కంక్ అనే జంతువు వదిలే ఆ కంపు పరిచయమే.

మార్జెన్

సెప్టెంబర్ వచ్చిందంటే అమెరికా దుకాణాలు రాగి రంగు ఆక్టోబర్‌ఫెస్ట్ బీర్లతో నిండిపోతాయి. అదే నెలలో మ్యూనిక్ ఆక్టోబర్‌ఫెస్ట్ ఉత్సవపు గుడారాల్లో పోసేది మాత్రం బంగారు రంగు బీరు. వింతగా ఉన్నా దీని వెనక ఒక కథ ఉంది. 1872లో అక్కడి ఉత్సవానికి ఆంబర్ రంగు మార్జెన్ వచ్చింది, వంద సంవత్సరాలు అదే రాజ్యమేలింది. 1970లలో పౌలానర్ బ్రూవరీ తేలికైన బంగారు రంగు బీరు చేశాక మిగిలినవారూ క్రమంగా అటు మళ్లారు. అమెరికాకు వచ్చిన ఎగుమతులు, వాటిని చూసి చేసిన స్థానిక బీర్లు పాత రంగులోనే ఉండిపోయాయి. శామ్యూల్ ఆడమ్స్ వారి ఆక్టోబర్‌ఫెస్ట్ ఈ పాత బాటలోదే. అమెరికాలోని సియెర్రా నెవాడా బ్రూవరీ 2015లో ఆగ్స్‌బర్గ్ నగరపు రీగెలె బ్రూవరీతో మొదలుపెట్టి, తరువాత వేర్వేరు జర్మన్ బ్రూవరీలతో కలిసి ఆక్టోబర్‌ఫెస్ట్ బీరు చేసింది. మ్యూనిక్‌లో అరుదైపోయిన మార్జెన్‌ను అమెరికన్లు ఇంకా కాస్తూ ఉండడం మంచిదే అంటాను.

ఇక్కడ పట్టుకోవలసింది తీపి స్వభావం. మ్యూనిక్ మాల్ట్ రొట్టె పైపొర రుచినిస్తుంది, నోట్లో నిండుగా ఉండి, మింగగానే తప్పుకుంటుంది. కొందరు బ్రూవర్లు రంగు కోసం కారమెల్ మాల్ట్ ఎక్కువ వేస్తారు. అప్పుడు తీపి పెదవులకు అంటుకుని రెండో గ్లాసు మీద కోరిక చచ్చిపోతుంది. పూర్వం మాల్ట్ కలిపిన నీటిలో కొంత భాగం వేరుగా తీసి, మరిగించి, తిరిగి కలిపేవారు. డికాక్షన్ అనే ఈ శ్రమను చికాగోలోని డోవ్‌టెయిల్ వంటి చోట్ల ఇప్పటికీ చేస్తున్నారు. మాల్ట్ రుచికి అది ఇచ్చే లోతు మీద బ్రూవర్లలో వాదాలున్నా, నా ఓటు దానికే.

పేరొకటే, బీర్లు రెండు

హెఫెవైజెన్ అనే గోధుమ బీరు లాగర్ కాదు, ఏల్. అయినా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అమెరికాలో ఈ పేరుతో రెండు వేర్వేరు బీర్లు దొరుకుతాయి. పోర్ట్‌లాండ్‌లోని విడ్మర్ సోదరులు 1986లో గోధుమ బీరును వడపోయకుండా అమ్మారు. వారు వాడింది జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో ఆల్ట్‌బీర్ అనే ఏల్ చేసే ఈస్ట్. దానిలో అరటిపండు వాసన గానీ లవంగం వాసన గానీ ఉండవు. ఆస్టిన్‌లోని లైవ్ ఓక్ చేసేది బవేరియా పద్ధతి, రెండు వాసనలూ ఈస్ట్ నుంచే పుడతాయి. మాష్‌ను, అంటే మాల్ట్ కలిపిన వేడి నీటిని, 45 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే లవంగం పెరుగుతుంది, పులియబెట్టే వేడి పెరిగితే అరటిపండు పైకొస్తుంది. రెండూ సమంగా ఉన్నాయో లేదో చూడండి. గ్లాసు అంచున నిమ్మచెక్క పెట్టి ఇస్తే తీసేయండి, అది వాసనను కప్పేసి నురుగును అణుస్తుంది.

నాలుగో పాఠానికి రెండు బీర్లు తెచ్చి ఉంచుకోండి: టెక్సస్‌లోని షైనర్ బాక్, పెన్సిల్వేనియాలోని ట్రోగ్స్ వారి ట్రోగెనేటర్. రెండో దానిలో ఆల్కహాల్ 8 శాతం దాటుతుంది కాబట్టి భోజనం చేశాకే మూత తీయాలి.