కుర్ర ఆటగాళ్లను అంచనా వేయడం – 4వ పాఠం: గార్డా, సెంటరా?

పోయిన పాఠంలో బాక్స్ స్కోర్ (మ్యాచ్ అంకెల పట్టిక) చదవడం నేర్చుకున్నాం. పాయింట్లు, రీబౌండ్లు (తప్పిపోయిన షాట్ బంతిని అందుకోవడం), అసిస్టులు (బుట్టలో పడే షాట్‌కు పాస్ ఇవ్వడం) ఏం చెబుతాయో, ఏం దాచేస్తాయో చూశాం. ఈసారి ఆ అంకెలతో వాదించడం నేర్చుకుందాం. బాస్కెట్‌బాల్ అభిమానుల మధ్య ఎన్నేళ్లయినా తెగని వాదన ఒకటుంది. ఒక కుర్ర గార్డు (బయట బంతి ఆడించేవాడు), ఒక కుర్ర సెంటరు (బుట్ట దగ్గర ఆడే పొడుగువాడు), ఇద్దరూ అదరగొడుతున్నారు. పదేళ్ల తర్వాత ఎవరు పెద్ద ఆటగాడు అవుతాడు?

ప్రాక్టీసుకు ఫలితం తెలిసిపోయిన కేసు అయితే మంచిది. మన జవాబు ఎంతవరకు సరైనదో వెంటనే సరిచూసుకోవచ్చు. అందుకే 2008 వేసవికి వెళ్దాం. న్యూ ఓర్లీన్స్ హార్నెట్స్ గార్డు క్రిస్ పాల్, ఓర్లాండో మ్యాజిక్ సెంటరు డ్వైట్ హోవర్డ్. ఇద్దరూ 1985లోనే పుట్టారు. ఇద్దరూ ఆ ఏడాది అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ మేటి ఐదుగురి జట్టు, ఆల్-ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్‌లో ఉన్నారు. హోవర్డ్ 2004 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోటు) మొదటి పిక్, హైస్కూలు నుంచి నేరుగా వచ్చాడు. పాల్ వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో రెండేళ్లు ఆడి 2005లో నాలుగో పిక్‌గా వచ్చాడు. 2007-08లో హోవర్డ్ మ్యాచ్‌కు సగటున 20.7 పాయింట్లు, 14.2 రీబౌండ్లు. పాల్ 21.1 పాయింట్లు, 11.6 అసిస్టులు, 2.7 స్టీల్స్ (ఎదుటివాళ్ల నుంచి బంతి లాక్కోవడం). రీబౌండ్లలో ఒకరు, అసిస్టుల్లోనూ స్టీల్స్‌లోనూ మరొకరు లీగ్‌లో మొదటి స్థానం. హార్నెట్స్ 56 మ్యాచ్‌లు గెలిచింది, మ్యాజిక్ 52. రెండు జట్లూ ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం ఆడే చివరి దశ) రెండో రౌండ్‌లో ఇంటికెళ్లాయి.

ఒక్క నియమం పెట్టుకోండి. 2008 తర్వాత జరిగినదంతా కాసేపు మర్చిపోవాలి. ఆ రోజు కంటికి కనిపించిన వాటితోనే తీర్పు చెప్పాలి.

ముందు మామూలుగా వాదన ఎలా నడుస్తుందో చూడండి. టీవీ ముందు కూర్చున్న బావాబామ్మర్దులు అనుకోండి.

"బావా, డ్వైట్‌ని చూడు. ఇరవై రెండేళ్లకే అందరికంటే ఎక్కువ రీబౌండ్లు. ఆ భుజాలేంటి, ఆ ఎగరడమేంటి! మంచి గార్డులు ఏటా వస్తారు. ఇలాంటి సెంటరు పదేళ్లకొకడు."

"అది కాదురా, బంతి ఎవరి చేతిలో ఉంటుంది? పాల్ లాంటోడు పాస్ ఇస్తేనే కదా మీవాడు డంక్ కొట్టేది. ఇప్పుడంతా గార్డుల కాలం."

రెండు మాటలూ వినడానికి బాగానే ఉన్నాయి. కానీ ఇద్దరూ మాట్లాడింది పొజిషన్ గురించి. బామ్మర్ది సెంటర్లందరినీ, బావ గార్డులందరినీ వెనకేసుకొచ్చారు. డ్వైట్ గురించి, పాల్ గురించి మనకు తెలిసింది దాదాపు ఏమీ లేదు.

ఈ పొరపాటుకు పాత చరిత్ర ఉంది. 1960 నుంచి 1983 దాకా ఎన్‌బీఏ ఎంవీపీ (ఆ సీజన్ మేటి ఆటగాడు) అవార్డుల్లో రెండు తప్ప అన్నీ సెంటర్లకే వెళ్లాయి. ఆ రెండూ 1964లో ఆస్కార్ రాబర్ట్‌సన్, 1981లో జూలియస్ ఎర్వింగ్. అందుకే 'పొడుగువాడు దొరికితే వదలొద్దు' అనేది జట్ల మేనేజర్లకు వేదవాక్కు అయిపోయింది. 1984లో పోర్ట్‌లాండ్ రెండో పిక్‌తో సామ్ బౌవీ అనే సెంటరును తీసుకుంటే, మైకేల్ జోర్డాన్ మూడో పిక్‌గా షికాగోకు వెళ్లాడు. అలాగని అదే ఏడాది మొదటి పిక్‌గా హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకున్న హ్యూస్టన్‌ది తప్పని ఎవరూ అనలేరు. 1994, 1995 టైటిళ్లు ఆయన తెచ్చిపెట్టినవే.

తర్వాత రూల్స్ మారాయి. 2001-02 నుంచి జోన్ డిఫెన్స్‌కు, అంటే మనిషిని కాకుండా కోర్టులో ఒక చోటును కాపలా కాయడానికి, అనుమతి వచ్చింది. రిమ్ (బుట్ట అంచు) దగ్గర వీపు పెట్టి బంతి అడిగే సెంటరు మీదకు ఇంకో మనిషిని పంపడం తేలికైంది. 2004-05 నుంచి బయట బంతి ఆడించే వాడి మీద చెయ్యి వేస్తే ఫౌల్ పిలవడం గట్టిగా అమలు చేశారు. గార్డులకు దారి తెరుచుకుంది. 2000లో షకీల్ ఓనీల్ తర్వాత 2021లో నికోలా యోకిచ్ దాకా ఏ సెంటరుకూ ఎంవీపీ రాలేదు. బావ చెప్పిన 'గార్డుల కాలం' మాటలో అంతవరకు నిజముంది. రూల్స్ ఎటు వంగుతున్నాయో గమనించాల్సిందే. కానీ తీర్పు దాని మీదే వదిలేస్తే యోకిచ్ లాంటివాడు వచ్చినప్పుడు మనం గుర్తుపట్టలేం. 2014లో జట్లన్నీ కలిసి అతణ్ని 41వ పిక్ దాకా జారవిడిచాయి.

మరి ఏం చూడాలి? ఈ పాఠం అంతటికీ ఒకటే ప్రశ్న: ఈ కుర్రాడి గొప్పతనం దేని మీద నిలబడి ఉంది? అది వయసుతో అరిగేదా, పెరిగేదా?

2008లో పాల్ ఆడిన పిక్ అండ్ రోల్ పాత వీడియో ఒకటి తీసి, సగం స్పీడులో చూడండి. అతని జట్టు సెంటరు టైసన్ చాండ్లర్ వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే పాల్‌ను కాపలా కాసేవాడికి అడ్డుగా నిలబడతాడు. పాల్ దాన్ని ఆనుకుని మలుపు తిరుగుతాడు. కొత్తగా చూసేవాళ్లు అక్కడి నుంచి పరిగెత్తుతాడనుకుంటారు. అతను నెమ్మదిస్తాడు. తనను కాపలా కాసేవాడిని వీపు వెనకే ఉంచుకుని, వాడు ముందుకు రాకుండా తన నడుముతో అడ్డుపెడుతూ ఫ్రీ త్రో గీత కుడి మూల దాకా వస్తాడు. ఎదురుగా ఉన్న పొడుగువాడు ముందుకు అడుగేస్తే బంతి చాండ్లర్‌కు పైనుంచి వెళ్తుంది. వెనకే ఆగితే అక్కడి నుంచే జంప్ షాట్. ఆ రెండు మూడు సెకన్లలో అతను వాడింది వేగం కాదు. ఎదుటివాడి పాదాలు ఎటున్నాయో చదవడం, ఆగాల్సినప్పుడు ఆగడం. ఆ సీజన్ 11.6 అసిస్టులకు అతను పోగొట్టుకున్న బంతులు 2.5 మాత్రమే. ఆరడుగుల మనిషికి వేగం కూడా బాగానే ఉండేది, కాదనను. కానీ ఆ వేగం తగ్గినా మిగిలేది చాలా ఉంది.

ఇప్పుడు హోవర్డ్. అతని విషయంలో బాక్స్ స్కోర్ అన్యాయం చేస్తుంది. అతను రిమ్ కింద నిలబడితే ఎదుటి గార్డులు లోపలికి వచ్చినట్టే వచ్చి వెనక్కి తిరిగిపోయేవారు. అలా మానుకున్న షాట్లు ఏ లెక్కలోనూ ఉండవు. ఒక్కడు ఉంటే జట్టు డిఫెన్స్ మొత్తం నిలబడుతుంది. అందుకే మంచి సెంటరు చిన్న వయసులోనే గెలుపులు తెస్తాడు, గార్డుకు ఆట చదవడం వంటబట్టడానికి టైం పడుతుంది. సెంటరు వైపు వాదించేటప్పుడు ఈ పాయింటు తప్పకుండా వాడండి, చాలా బలమైనది. కాకపోతే హోవర్డ్ ఆ పని చేసింది ఎక్కువగా ఎగిరే శక్తితో, కండబలంతో. ఈ రెండూ ముప్పై ఏళ్లు దాటాక అందరికీ తగ్గుతాయి. వెన్నో మోకాలో దెబ్బతింటే ఇంకా ముందే తగ్గుతాయి.

రెండో పరీక్ష నాకు చాలా ఇష్టం, చేయడం కూడా తేలిక. మొదటి మూడు నాలుగు సీజన్లలో అతనికి రానిది ఏమైనా వచ్చిందా? ఉన్న బలమే పెరగడం వేరు, లేని నైపుణ్యం రావడం వేరు. పాల్ మొదటి ఏడాది మూడు పాయింట్ల షాట్లు 28 శాతమే వేశాడు. తర్వాత 35, ఆ తర్వాత 37. హోవర్డ్ ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా ఇచ్చే షాట్లు) మొదటి ఏడాది 67 శాతం. తర్వాత మూడేళ్లూ 59 దగ్గరే. పాయింట్లు 12 నుంచి 20 దాటాయి, రీబౌండ్లు 10 నుంచి 14 అయ్యాయి, కానీ షాట్ వేసే నేర్పు ఒక్క అడుగు ముందుకు పడలేదు. కుర్ర సెంటరును చూసేటప్పుడు ముందు ఫ్రీ త్రో శాతం చూడండి. ఎవరూ అడ్డులేని చోట, నిలబడి, నింపాదిగా వేసే షాట్ అది. అది కుదరనివాడికి రిమ్‌కు దూరంగా ఇంకే షాటూ కుదరడం అరుదు.

ఇక్కడ ఒక లెక్క చేతులారా చేసి చూద్దాం. 59 శాతం వేసేవాడిని ఫౌల్ చేస్తే రెండు షాట్లకు సగటున 1.18 పాయింట్లు వస్తాయి. ఆ రోజుల్లో ఒక జట్టు ఒక దాడిలో మామూలుగా సాధించేది 1.07 దరిదాపుల్లో. అంటే అతణ్ని కావాలని ఫౌల్ చేయడం ఎదుటి జట్టుకే నష్టం. 'ఫ్రీ త్రోలు రావు కాబట్టి పనికిరాడు' అని 2008లో అన్నవాళ్లు ఈ లెక్క వేయలేదు. శాతం 53కి పడిపోతేనే వాళ్ల మాట నిజమవుతుంది. 2011-12లో హోవర్డ్ 49 శాతానికి పడిపోయాడు. ఆ సీజన్ జనవరి 12న గోల్డెన్ స్టేట్ అతణ్ని ఫౌల్ మీద ఫౌల్ చేస్తూ పోతే, ఒక్క మ్యాచ్‌లో 39 ఫ్రీ త్రోలు వేశాడు. అప్పటికి అది లీగ్ రికార్డు. 21 పడ్డాయి, అంటే రెండు షాట్లకు 1.08. ఆ రాత్రి అతనికి 45 పాయింట్లు, 23 రీబౌండ్లు, గెలిచింది మ్యాజిక్. ఏదైనా బలహీనత గురించి వాదించేటప్పుడు దాని ఖరీదు ఎంతో ఇలా లెక్కేసి చెప్పండి.

ఇప్పుడు కాలాన్ని ముందుకు తిప్పుదాం. తొలి మూడేళ్లలో బామ్మర్దిదే పైచేయి అయ్యేది. 2009లో లెబ్రాన్ జేమ్స్ జట్టు క్లీవ్‌ల్యాండ్‌ను ఆరో మ్యాచ్‌లో 40 పాయింట్లు, 14 రీబౌండ్లతో ఇంటికి పంపి హోవర్డ్ ఫైనల్స్‌కు చేరాడు. 2009, 2010, 2011లో వరుసగా డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. మరోవైపు పాల్ 2010లో మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆ సీజన్ 45 మ్యాచ్‌లే ఆడాడు.

2012లో హోవర్డ్ వెన్నుకు ఆపరేషన్ జరిగింది. చివరి ఆల్‌స్టార్ మ్యాచ్ (ఆ ఏడాది మేటి ఆటగాళ్లు ఆడే ప్రదర్శన మ్యాచ్) 2014లో, ఇరవై ఎనిమిదేళ్లకే. మోకాలు దెబ్బతిన్న పాల్ మాత్రం 2021-22లో, ముప్పై ఆరేళ్ల వయసులో, మళ్లీ లీగ్‌లో అసిస్టుల మొదటి స్థానం తెచ్చుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో ఫీనిక్స్ తరఫున, తన పాత ఊరు న్యూ ఓర్లీన్స్ జట్టు మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో 14 షాట్లు వేస్తే 14 పడ్డాయి. చాలావరకు అదే నెమ్మది, అదే జంప్ షాట్. లీగ్ 75 ఏళ్ల సందర్భంగా 2021లో ప్రకటించిన మేటి ఆటగాళ్ల జాబితాలో అతని పేరుంది, హోవర్డ్ పేరు లేదు.

టైటిల్ మాటేంటి అంటారు. హోవర్డ్ 2020లో లేకర్స్‌తో, ఎక్కువగా బెంచి మీద నుంచి వచ్చి ఆడి టైటిల్ అందుకున్నాడు. పాల్ 2021 ఫైనల్స్‌లో 2-0 ఆధిక్యంలో ఉండి కూడా మిల్వాకీ చేతిలో ఓడిన జట్టులో ఉన్నాడు. కుర్రాళ్లను అంచనా వేసేటప్పుడు నేను టైటిళ్లకు తక్కువ బరువే ఇస్తాను, అవి పక్కనున్న వాళ్ల మీద, మేనేజ్‌మెంట్ మీద అంతగా ఆధారపడతాయి. మీరు ఎక్కువ బరువు ఇస్తారా, ఇవ్వండి. కానీ వాదన మొదలయ్యే ముందే ఆ మాట అవతలివాళ్లతో తేల్చుకోండి. మధ్యలో 'గొప్ప' అంటే అర్థం మార్చేస్తే ఎంత మాట్లాడినా తెగదు. మూడు నాలుగేళ్ల శిఖరం లెక్కలోకి వస్తే హోవర్డ్, పద్దెనిమిది ఇరవై ఏళ్ల నిలకడ లెక్కలోకి వస్తే పాల్. మొత్తం మీద నా ఓటు పాల్‌కే.

దీన్నిబట్టి గార్డే గెలుస్తాడని రాసుకోకండి. డెరిక్ రోజ్ కూడా గార్డే. 2011లో ఇరవై రెండేళ్లకే ఎంవీపీ, ఆ అవార్డు అందుకున్న వాళ్లలో అందరికంటే చిన్నవాడు. అతని ఆట పేలుడు లాంటి వేగం మీద నడిచేది. 2012 ఏప్రిల్‌లో మోకాలి లిగమెంట్ తెగాక మళ్లీ ఆల్‌స్టార్ కాలేదు. యోకిచ్ సెంటరు. అతని ఎగరడం గురించి ఎవరూ మాట్లాడరు, పాసుల గురించి మాట్లాడతారు. మూడు ఎంవీపీలు, 2023 టైటిల్.

ఈ వారం అభ్యాసం: సెంటరు విక్టర్ వెంబన్యామా, గార్డు ఆంథొనీ ఎడ్వర్డ్స్. 2024-25 సీజన్ ముగిసేనాటికి తెలిసినదే వాడండి. ఏడడుగులు దాటిన వెంబన్యామా ఫ్రీ త్రోలు మొదటి ఏడాది 80 శాతం, రెండో ఏడాది 84. హోవర్డ్ అంకెల పక్కన పెట్టి చూడండి. కానీ భుజంలో రక్తం గడ్డకట్టడంతో ఆ రెండో సీజన్ 46 మ్యాచ్‌ల దగ్గరే ఆగిపోయింది. ఎడ్వర్డ్స్ మొదటి ఏడాది మూడు పాయింట్ల షాట్లు 33 శాతం, 2024-25లో 39.5 శాతం, లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 320 బుట్టలో పడ్డాయి. ఇద్దరికీ చెరో పేరా రాయండి. పేరా మొదటి వాక్యంలోనే ఆట దేని మీద నిలబడిందో చెప్పాలి. ఆ తర్వాత మీరు వ్యతిరేకించే వైపు నుంచి, అభిమాని కూడా ఒప్పుకునేంత బాగా, ఇంకో పేరా రాయండి.

5వ పాఠంలో గాయాల లెక్క చూద్దాం. ఏ గాయాన్ని ఎంత బరువుగా తీసుకోవాలో వెంబన్యామా కేసుతోనే మొదలుపెడదాం. మీరు రాసిన పేరాలు దగ్గర పెట్టుకోండి, వాటిని తిరగరాయాల్సి ఉంటుంది.