ఇంటి వేళ్ళు వెతుకుదాం – 7వ పాఠం: బావని సవతి సోదరుడన్న రిపోర్టు

కిందటి పాఠంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజుల్లో తాతముత్తాతల పేర్లు పట్టుకోవడం నేర్చుకున్నాం. కందుకూరు, కనిగిరి, పొదిలి వైపు వాళ్ళకి మళ్ళీ ఒక మాట. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మీ తాలూకాలు నెల్లూరు జిల్లాలోవే. దానికి ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో. పాత కాగితం మీద నెల్లూరు అని కనబడితే మనది కాదని పక్కన పెట్టకండి.

ఈ వారం డీఎన్‌ఏ పరీక్ష. మా ఇంట్లో జరిగింది చెప్తాను, పాఠం చాలావరకు అందులోనే ఉంది.

మా నాన్న తన సొంత అక్క కూతుర్ని చేసుకున్నాడు. అంటే మా అమ్మమ్మే నాకు మేనత్త కూడా. మూడేళ్ళ కిందట నేనూ, డల్లాస్‌లో ఉండే మా మేనమామ కొడుకూ ఒకే కంపెనీకి ఉమ్మి పంపించాం. రిపోర్టులో మా ఇద్దరికీ కలిసింది 1,284 సెంటీమోర్గాన్లు. పక్కనే ‘సవతి సోదరుడు కావచ్చు’ అని రాసుంది. ఆ రాత్రి బావ ఫోన్ చేసి, "ఇదేందబ్బా, ఇట్టా రాసుండాదే" అని ఆగిపోయాడు. మిగతాది పైకి అనలేకపోయాడు. వాళ్ళ నాన్న చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

ఆ రాత్రి ఫోన్లోనే ఇద్దరం కాగితం ముందేసుకుని కూర్చున్నాం. మీరూ కూర్చోండి.

ఇద్దరు మనుషుల్లో ఒకేలా ఉన్న డీఎన్‌ఏ ముక్కల పొడవుని సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. మనిషి మొత్తం సుమారు 7,000 అనుకోండి. తల్లికీ బిడ్డకీ అందులో సగం కలుస్తుంది. సవతి తోబుట్టువులకి నాలుగో వంతు, అంటే 1,750 దగ్గర. మేనమామ పిల్లలకీ, చిన్నాయన పిల్లలకీ ఎనిమిదో వంతు, అంటే 875 దగ్గర. ఇవి సగటు లెక్కలు. తల్లిదండ్రుల నుంచి వచ్చే పంపకం ఒక్కో బిడ్డకి ఒక్కోలా పడుతుంది కాబట్టి అంకెలు బాగానే అటూఇటూ అవుతాయి.

ఇప్పుడు మా లెక్క. అమ్మ వైపు నుంచి చూస్తే బావ నాకు మేనమామ కొడుకు, 12.5 శాతం. నాన్న వైపు నుంచి చూస్తే మేనత్త మనవడు, 6.25 శాతం. రెండూ కలిపితే 18.75. ఏడు వేలలో అది 1,312. రిపోర్టులో వచ్చింది 1,284. ఎక్కడా ఏ తప్పూ జరగలేదు. రెండు దారుల్లో చుట్టమైన మనిషిని కంపెనీ పట్టిక ఒకే దారిలో చుట్టమనుకుని చదివింది, అంతే. ఆ పట్టికలు బావామరదళ్ళు పెళ్ళి చేసుకోని దేశాల కుటుంబాలను చూసి కట్టినవి.

మా లెక్కకి ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. వేర్వేరు కంపెనీల డీఎన్‌ఏ ఫలితాలు ఎక్కించి పోల్చుకునే జెడ్‌మ్యాచ్ (GEDmatch) అనే వెబ్‌సైట్‌లో ‘మీ తల్లిదండ్రులు బంధువులా’ అని చూసే సాధనం ఉంది. మేనమామకీ మేనకోడలికీ పుట్టిన బిడ్డలో సగటున ఎనిమిదో వంతు డీఎన్‌ఏ రెండు వైపుల నుంచీ ఒకటే వస్తుంది. నాకు అలాగే వచ్చింది. బావకి రాలేదు, వాళ్ళమ్మ బయటి సంబంధం.

మేనరికం లేని ఇళ్ళలో కూడా ఇంకో చిక్కు ఉంది. మన దేశంలో వేర్వేరు జనాలు కలిసిపోవడం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్య జరిగిందనీ, తర్వాత కులం లోపలే పెళ్ళిళ్ళు బిగిశాయనీ హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. అన్ని తరాల లోపలి పెళ్ళిళ్ళ వల్ల ఎప్పుడూ చూడని మనిషితో కూడా చిన్నచిన్న ముక్కలు బోలెడు కలుస్తాయి. అందుకని మొత్తం కంటే ముందు అన్నిటికంటే పొడుగు ముక్క ఎంతో చూడండి. అన్నీ పది సెంటీమోర్గాన్లకి లోపు ముక్కలైతే ఆ చుట్టరికం పేర్లు దొరకనంత పాతది కావచ్చు. ఏడుకి లోపువి అసలు లెక్కలోకే తీసుకోవద్దు.

‘దక్షిణ భారతం ఇంత శాతం’ అనే పేజీ మీద నేను టైం పెట్టను. అది ఊరు చెప్పదు, ఇంటిపేరు చెప్పదు, గోత్రం అసలే చెప్పదు. కంపెనీ మారితే శాతమూ మారుతుంది.

పరీక్ష బాగా పనికొచ్చేది ఒక ప్రశ్న పట్టుకుని వెళ్ళినప్పుడు. రంగూన్ పోయి తిరిగిరాని చిన్నతాత పిల్లలు వీళ్ళేనా? దత్తత వెళ్ళిన తాత ఫలానా ఇంట్లో పుట్టినవాడేనా? రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరు పరీక్షకి ఒప్పుకుంటే ఇలాంటివి తేలతాయి. తరం పెరిగేకొద్దీ కలిసేది తగ్గిపోతుంది, ముత్తాతల అన్నదమ్ముల మునిమనవళ్ళలో పదిమందిలో ఒకరికి ఏమీ కలవకపోవచ్చు. కలవలేదని చుట్టరికం కొట్టేయకండి. అందుకే ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి చేయించాలి. మీ దగ్గరున్నది మీ జేజిలో నాలుగో వంతే, మిగతా ముప్పాతిక ఆమె దగ్గరే ఉంది. ఉమ్మి తీసే ముందు అరగంట నీళ్ళు తాగకూడదు, వక్కాకు నమలకూడదు. నోరు ఎండిపోతే బుగ్గలు మెల్లగా రుద్దమనండి.

ఆమెకి అంతా వివరించి, ఒప్పుకుంటేనే తీయండి. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి బయటపడొచ్చని కూడా చెప్పాలి. వివరాలు కంపెనీ దగ్గర భద్రంగా ఉంటాయన్న భరోసా కూడా లేదు. 2023లో 23అండ్‌మీ అనే అమెరికా డీఎన్‌ఏ పరీక్షల కంపెనీ నుంచి దాదాపు 69 లక్షల మందివి బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

వచ్చే పాఠానికి పని: ముత్తాతల దాకా మీ వంశవృక్షంలో ప్రతి పెళ్ళి పక్కనా మేనరికమో, బయటి సంబంధమో రాయండి. మేనరికమైతే జంట గీత గీసి, ఎవరి వైపు నుంచో రాయండి. తెలియని చోట ఖాళీ వదిలి, ఎవర్ని అడిగితే తెలుస్తుందో వాళ్ళ పేరు పెన్సిల్‌తో పెట్టుకోండి. ఆ పేర్లలో పెద్దవయసు వాళ్ళ దగ్గరికి ఈ ఆదివారమే వెళ్ళండి.