బొమ్మల పుస్తకంలోకి మన ఋతువులు

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో మా వీధి తెలుగు పిల్లలకు బొమ్మల పుస్తకాలతో చెట్లను, ఋతువులను పరిచయం చేస్తున్నప్పుడు ఒక చిక్కు ఎదురైంది. మాకు దొరికిన పుస్తకాల్లో అక్టోబరులో ఆకులు ఎర్రబడి రాలతాయి, డిసెంబరులో కొమ్మలపై మంచు పేరుకుంటుంది. ఇక్కడి రావిచెట్టు ఆకు రాల్చేది మాత్రం శిశిరం చివర, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కారణం కూడా వేరు: చలిదేశాల చెట్లు పగటిపొద్దు తగ్గి చలి ముదిరేటప్పుడు ఆకులు రాలిస్తే, మన అడవి చెట్లు ఎక్కువగా నేలలో తేమ తగ్గినప్పుడు, ఉన్న నీటిని కాపాడుకోవడానికి రాలుస్తాయి.

అందుచేత పుస్తకాన్ని పక్కన పెట్టకుండా, ప్రతి ఋతువు పుట ఎదుట తెల్లకాగితాలు చేర్చి, పిల్లలు తలా ఒక చెట్టును ఎంచుకొని నెలనెలా దాని బొమ్మ గీసేలా ఏర్పాటు చేశాను. ఆకులేని మోదుగ కొమ్మలకు నిప్పురంగు పూలు, వేసవిలో రేల పసుపు గుత్తులు, వానల్లో కడిమి పూబంతులు ఆ కాగితాల్లోకి వచ్చాయి. అన్నిటికంటే విలువైనది మోడు కొమ్మల బొమ్మే అని నా అభిప్రాయం. ఎండిపోయిందనుకున్న చెట్టు చిగురించడాన్ని పిల్లలు స్వయంగా కనిపెట్టేది అక్కడే. బడిలో ఒడియా చదివే పిల్లలున్నారు కనుక చెట్ల పేర్లు రెండు లిపుల్లోనూ రాయించాను. కాగితాలను మైదా జిగురుతో అంటిస్తే వానాకాలంలో బూజు పడుతుంది, దారంతో కుట్టడం మేలు.