చెక్కు క్లియర్ అయ్యేదాకా ఒక్క రూపాయి కూడా వెనక్కి పంపొద్దు

తిరుపతిలో ట్రావెల్స్ నడిపేవాళ్లు, లాడ్జి వాళ్లు, క్యాటరింగ్ వాళ్లు, పాత బండి అమ్మాలనుకుంటున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మా ఇంట్లోనే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా బావకు బైరాగిపట్టెడలో చిన్న ట్రావెల్స్ ఉంది. రెండేళ్ల కిందట ఒకతను ఫోన్ చేసి, మా కంపెనీ స్టాఫ్ ముప్పై ఐదు మంది దర్శనానికి వస్తున్నారు, తిరుమల, తిరుచానూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి అన్నీ తిప్పాలి అన్నాడు. బావ 85,000 చెప్పాడు. బేరమే ఆడలేదు, సరే అనేశాడు. శుక్రవారం సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. బావ ఖాతా నంబర్ రాసిన డిపాజిట్ స్లిప్, దాని మీద బ్యాంకు ముద్ర, పక్కన 1,45,000కు చెక్కు. ఐదు నిమిషాలకే మళ్లీ ఫోన్: "అన్నా, మా అకౌంటెంట్ వంటవాళ్లకు ఇవ్వాల్సిన 60,000 కూడా నీ చెక్కులోనే కలిపి రాసేశాడు, వాళ్లు సరుకులు కొనాలంట, ఈ నంబర్‌కు ఫోన్‌పే చేసేయన్నా." బావ యాప్ తెరిస్తే 1,45,000 కనిపించింది. వెంటనే 30,000 పంపాడు. మిగతాది పంపబోతుంటే అక్క ఫోన్ తీసుకుని చూసింది, ఆ అంకె కింద చిన్న అక్షరాల్లో 'అన్‌క్లియర్డ్' అని ఉంది, అంటే డబ్బు ఇంకా చేతికి రాలేదని. మరుసటి రోజు రెండో శనివారం, తర్వాత ఆదివారం. సోమవారం బ్యాంకు తెరిచాక తెలిసింది, చెక్కు రిటర్న్, అంటే బౌన్స్ అయింది. ఆ 30,000 బండి ఈఎంఐకి పెట్టుకున్న సొంత డబ్బు, పైగా బ్యాంకు రిటర్న్ చార్జీ కూడా కోసుకుంది.

ఇందులో అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. మీ ఖాతా నంబర్ తెలిస్తే చాలు, ఎవరైనా మీ ఖాతాలో చెక్కు వేయొచ్చు. స్లిప్ మీద ముద్ర ఉందంటే చెక్కు తీసుకున్నారని మాత్రమే, డబ్బు వచ్చిందని కాదు. డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది చెక్కు రాసినవాడి బ్యాంకు తేలుస్తుంది. అది కాదంటే మీ ఖాతాలో కనిపించిన అంకె వెనక్కి పోతుంది, మీరు యూపీఐలో పంపింది మాత్రం అవతలివాడి చేతిలో ఉంటుంది. అందుకే బ్యాంకుకు వెళ్లి "ఎంత బ్యాలెన్స్ ఉంది" అని కాకుండా "ఈ చెక్కు క్లియర్ అయిందా, నేను ఈ డబ్బు తీసుకోవచ్చా" అని అడగండి. 2025 అక్టోబర్ 4 నుంచి క్లియరింగ్ పద్ధతి మారింది, పని దినాల్లో పగటిపూట వేసిన చెక్కులు చాలావరకు ఆ రోజే తేలిపోతున్నాయి, కాబట్టి కాస్త ఆగడం ఇప్పుడు పెద్ద కష్టం కూడా కాదు. ఎక్కువ రాసేశాం, మిగతాది పంపు అన్నారంటే "ఆ చెక్కు ఆపేసి సరైన మొత్తం ఆన్‌లైన్‌లో పంపండి" అనండి. నిజమైన కస్టమర్ ఒప్పుకుంటాడు.

మెసేజ్‌ను కూడా నమ్మొద్దు. బ్యాంకు మెసేజ్ బ్యాంకు పేరును సూచించే అక్షరాలతో వస్తుంది, పది అంకెల మొబైల్ నంబర్ నుంచి 'క్రెడిటెడ్' అని వస్తే అది వాళ్లే టైప్ చేసి పంపింది.

చెక్కు చేతికే ఇస్తే వెలుతురుకు ఎత్తి చూడండి, కాగితం లోపల 'సీటీఎస్ ఇండియా' అనే వాటర్‌మార్క్ కనిపించాలి. జిరాక్స్ తీస్తే 'వాయిడ్' అనే మాట బయటపడాలి. కింది వరుసలో మొదట ఆరంకెల చెక్కు నంబర్, తర్వాత తొమ్మిది అంకెల కోడ్ ఉంటాయి, ఆ కోడ్‌లో మొదటి మూడు అంకెలు సాధారణంగా ఆ ఊరి పిన్‌కోడ్‌తో కలుస్తాయి. మన చిత్తూరు, తిరుపతి పిన్‌కోడ్‌లు 517తో మొదలవుతాయి కదా, హైదరాబాద్‌వి 500తో. చెక్కు మీద హైదరాబాద్ బ్రాంచి ఉండి కోడ్ ఇంకో ఊరిదైతే అనుమానించండి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే తీసుకోవద్దు. తేదీ పడి 3 నెలలు దాటితే అది చెల్లదు. అయితే ఇవన్నీ సరిగ్గా ఉన్నా అది దొంగిలించిన చెక్కు కావచ్చు, మూసేసిన ఖాతాది కావచ్చు, కాబట్టి కాగితం బాగుందని సరుకు ఇచ్చేయకండి, బండి తాళాలు ఇచ్చేయకండి.

మీరు చెక్కు రాసేటప్పుడు మీ పెన్నే వాడండి, లోన్ ఇప్పిస్తామని వచ్చినవాళ్లు ఇచ్చే పెన్నులో చెరిగిపోయే ఇంకు ఉండొచ్చు. 50,000 దాటితే పాజిటివ్ పేలో, అంటే చెక్కు ఎవరికి, ఎంతకు రాశారో ముందే మీ బ్యాంకుకు చెప్పే పద్ధతిలో, వివరాలు ఇవ్వండి.

ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి కూర్చోవద్దు, మా బావ రెండు రోజులు బయట ఎవరికీ చెప్పలేదు, అదే పెద్ద నష్టమైంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు వెళ్లిన ఖాతాను ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. మీ బ్యాంకుకు చెప్పండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. వాట్సాప్ చాట్ చెరపకండి, చెక్కు ఎందుకు తిరిగొచ్చిందో రాసి బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో దాచుకోండి. తెలిసినవాడు మీకు ఇవ్వాల్సిన బాకీకి ఇచ్చిన చెక్కే బౌన్స్ అయితే దారి వేరు, రిటర్న్ సంగతి తెలిసిన 30 రోజుల్లోపు లాయర్‌తో నోటీసు ఇప్పించాలి, అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే తర్వాతి నెలలోపు చెక్ బౌన్స్ కేసులకు ఉన్న సెక్షన్ 138 (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం) కింద కోర్టులో కేసు వేయాలి.