ఇంటి ఎస్ప్రెసో మెషీన్ రిపేరు – 4వ పాఠం: సున్నం ఎక్కడ అడ్డం పడింది?

పోయిన పాఠంలో మెషీన్ లోపల నీళ్లు నడిచే దారి చూశాం: ట్యాంకు, పంపు, బాయిలర్, సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది), చివర షవర్ స్క్రీను (కాఫీ పొడి మీద నీళ్లు చిలకరించే జల్లెడ). ఆ దారిలో సున్నం అడ్డం పడి నీళ్లు ఆగిపోతే ఏం చేయాలన్నది ఈసారి పాఠం. నేను చెప్పేదంతా ఒకే బాయిలరూ సోలెనాయిడ్ వాల్వూ ఉన్న మెషీన్ల గురించే.

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఈ పాఠం తప్పదు. కావేరి నీళ్లు వచ్చే ఇళ్లలో కొంత నయం. మారతహళ్లి, బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు బోరు మీదా ట్యాంకర్ మీదా బతికే అపార్ట్‌మెంట్లు బోలెడు. ట్యాంకర్ ఏ బోరు దగ్గర నింపుకొచ్చాడో ఎవరికీ తెలీదు. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత (నీళ్లలో కరిగి ఉన్న సున్నం లాంటి లవణాల లెక్క). వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. మనం నిక్షేపంగా తాగే ఆ నీళ్లే బాయిలర్ కొంప ముంచుతాయి.

కారణం ఇదీ. బోరు నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. నీళ్లు కాగితే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, మిగిలింది కాల్షియం కార్బొనేట్‌గా మారి గట్టిపడుతుంది. పంచదారైతే వేడి నీళ్లలో ఇంకా బాగా కరుగుతుంది. దీనిది తిరకాసు, వేడెక్కేకొద్దీ కరగడం తగ్గిపోతుంది. అందుకే ట్యాంకు శుభ్రంగా కనిపిస్తూనే ఉంటుంది, లోపల బాయిలర్ అట్టగట్టుకుపోతుంది. గీజర్ కాయిల్ బయటికి తీయించి చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

అయితే బాయిలర్ వెడల్పైనది, అంత తేలిగ్గా మూసుకుపోదు. దాని గోడ మీంచి ఊడిన పెచ్చు ముందుకు కొట్టుకొచ్చి, సోలెనాయిడ్ వాల్వులోని సన్నటి రంధ్రంలో ఇరుక్కుంటుంది. నీళ్లు రావడం లేదనగానే చాలామంది డీస్కేలర్, అంటే సున్నం కరిగించే మందు, పోసేస్తారు. అది నాకు అస్సలు నచ్చని పని. దారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు మందు అడ్డం దాకా పోనే పోదు, పైగా బాయిలర్లో మరిన్ని పెచ్చులు ఊడదీసి అటే తోస్తుంది. ముందు చోటు పట్టుకోండి.

మొదట పోర్టాఫిల్టర్ (కాఫీ పొడి నింపే పిడి గిన్నె) తీసేసి, అది బిగించే చోటైన గ్రూపులోంచి ఖాళీగా నీళ్లు వదలండి. ధార బాగా వస్తే సున్నం గొడవే లేదు, పొడి మరీ మెత్తగా పట్టారు. రాకపోతే వాండ్ (ఆవిరి వచ్చే గొట్టం) కింద గ్లాసు పెట్టి, స్టీమ్ నాబ్ తిప్పి, పంపు ఆన్ చేయండి. వాండ్‌లోంచి ధార వస్తే పంపూ బాయిలరూ బాగున్నట్టే, అడ్డం గ్రూపు వైపు ఉంది. రెండు చోట్లా రాకపోతే ట్యాంకు మూత తీసి చూడండి. ఎక్కువైన ఒత్తిడిని ట్యాంకులోకి వదిలే చిన్న గొట్టం చాలా మెషీన్లలో ఉంటుంది. అందులోంచి నీళ్లు పడుతుంటే పంపు తన పని తాను చేస్తోంది, ముందు దారే మూసుకుంది. చెవి కూడా వాడండి: గాలి పట్టిన పంపు గోల గోలగా మోగుతుంది, అడ్డాన్ని తోస్తున్న పంపు గొంతు అణిగి బొంగురుపోతుంది.

అడ్డం గ్రూపు వైపే అని తేలిందా? ప్లగ్గు పీకేసి, నాబ్ తెరిచి ఒత్తిడి వదిలేసి, పూర్తిగా చల్లారనివ్వండి. ఇందులో తొందర వద్దు. షవర్ స్క్రీను విప్పి కడిగి, దాన్ని బిగించకుండానే ఒకసారి నీళ్లు వదిలి చూడండి. అప్పటికీ రాకపోతే మళ్లీ ప్లగ్గు పీకి, చల్లార్చి, సోలెనాయిడ్ పట్టండి. పైనున్న నట్టు తీస్తే కాయిల్ జారి వచ్చేస్తుంది. దాని కింది కాడను స్పానర్‌తో విప్పితే స్ప్రింగుతో సహా చిన్న ప్లంజర్ బయటపడుతుంది, దాని కొసన రబ్బరు బిళ్ల ఉంటుంది. రంధ్రాన్ని గుండుసూదితో పొడవకండి. ఇత్తడి అంచు గీసుకుపోతే ఇక వాల్వు కారుతూనే ఉంటుంది. పంటిపుల్ల చాలు.

దొరికిన ముక్కను ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లలో వేసి చూడండి. బుసబుసమని బుడగలొస్తే సున్నమే. నల్లగా, జిడ్డుగా ఉండి ఉలుకూ పలుకూ లేకపోతే అది కాఫీ నూనె. దానికి నిమ్మ ఉప్పు పనిచేయదు, బ్యాక్‌ఫ్లష్ పౌడరే వాడాలి.

దారి తెరుచుకుని, విప్పినవన్నీ బిగించాకే బాయిలర్‌కు మందు. లీటరు నీళ్లకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు. కిరాణా కొట్లో దొరికేదే. వెనిగర్ వద్దు, ఆ వాసన ఓ పట్టాన వదలదు. మీది అల్యూమినియం బాయిలరైతే ఆమ్లం దాన్నీ తినేస్తుంది కాబట్టి కంపెనీ పుస్తకంలో చెప్పిన మందే, చెప్పినంతసేపే. మందు నీళ్లను ముందు వాండ్‌లోంచి లాగండి, పెచ్చులేమైనా ఉంటే ఆ దారిన పోతాయి. తర్వాతే గ్రూపు. పావుగంట ఆఫ్ చేసి నాననిచ్చి, మళ్లీ లాగండి. చివరికి రెండు ట్యాంకుల మంచినీళ్లు పోనిచ్చి, రుచి చూడండి. నాలుకకు పులుపు తగిలితే ఇంకో ట్యాంకు.

వాండ్‌లోంచి కూడా చుక్క రానివాళ్లు బాయిలర్ బోల్టుల జోలికి ఇప్పుడే పోకండి. విప్పిన గాస్కెట్ మళ్లీ సరిగ్గా కూర్చోకపోవచ్చు, కొత్తది చేతిలో ఉండాలి. ఈలోగా మెషీన్ అడుగున ఉన్న మోడల్ నంబరు రాసిపెట్టుకోండి. బాయిలర్ విప్పడం వచ్చే పాఠంలో.