అన్‌సీన్ సర్వెంట్: కనిపించని పనివాడికి పని చెప్పే తీరు

ఆటగాళ్లు కల్పిత పాత్రలుగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, కనిపించని పనివాడిని పుట్టించే అన్‌సీన్ సర్వెంట్ అనే మంత్రానికి కావలసిన సరంజామా ఒక దారం ముక్క, ఒక చెక్క ముక్క. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోనే మొదటి స్థాయి మంత్రంగా కనిపించే దీనిని, కొత్తగా విజర్డ్ (మాంత్రికుడు) పాత్రను తయారుచేసుకునేవారు తరచుగా బట్టలు మడతపెట్టించుకోవడానికి తప్ప దేనికీ కొరగానిదని పక్కన పెట్టేస్తారు. మంత్రపాఠంలో ఉదాహరణలుగా ఇచ్చినవి నిజంగానే ఇంటి పనులు: వస్తువులు తేవడం, ఊడ్చి తుడవడం, చిరుగులు కుట్టడం, నిప్పు రాజేయడం, వడ్డించడం, ద్రాక్షసారా పోయడం. అయితే సారా పోయగలవాడు నూనె కూడా పోయగలడు, పళ్లెం తేగలవాడు తాళాల గుత్తి కూడా తేగలడు. ఈ పనివాడిని శత్రువు మీదికి తోలాలని చూసిన ప్రతిసారీ నిరాశే మిగులుతుంది. శత్రువు రాబోయే గదిని సర్దడానికి వాడుకుంటే మాత్రం ఇంత చవకైన సహాయం మరొకటి దొరకదు.

ముందుగా లెక్కలు చూసుకోవాలి. ఇక్కడ చెప్పేవన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలు. మంత్రం పరిధి 60 అడుగులు, వ్యవధి ఒక గంట, కాన్సంట్రేషన్ (మంత్రం నిలవడానికి మనసు దానిమీదే పెట్టి ఉంచడం) అవసరం లేదు. పనివాడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే సంఖ్య) 10, హిట్ పాయింట్ (తట్టుకోగల దెబ్బ) ఒక్కటే, బలం 2, దాడి చేయలేడు. మీ వంతు వచ్చినప్పుడు ఒక బోనస్ యాక్షన్ (వంతులో ప్రధాన చర్యకు అదనంగా చేయగల చిన్న చర్య) ఖర్చుపెట్టి, మనసులోనే ఆజ్ఞ ఇచ్చి, అతడిని 15 అడుగుల వరకు నడిపించి ఒక వస్తువును ముట్టుకునేలా చేయవచ్చు. బలం 2 అంటే సాధారణ మోత నియమం ప్రకారం 30 పౌండ్లు మోయగలడు, 60 పౌండ్ల వరకు నెట్టగలడు లేదా ఈడ్వగలడు. చాలామంది ఎంతో ఇష్టపడే మేజ్ హ్యాండ్ అనే మాయాహస్తపు మంత్రం 30 అడుగుల దూరంలో, 10 పౌండ్ల బరువుతో, ఒక్క నిమిషంలో ఆగిపోతుందని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది.

అన్నిటికంటే విలువైన విషయం, ఇది రిచువల్‌గా, అంటే తీరికగా క్రతువులా చదవదగిన మంత్రం కావడం. పది నిమిషాలు అదనంగా వెచ్చిస్తే స్పెల్ స్లాట్ (పరిమితంగా ఉండే మంత్రశక్తి వంతు) ఖర్చు కాదు, పైగా విజర్డ్ దీనిని ఆ రోజుకు సిద్ధం చేసుకోకపోయినా అది రాసి ఉన్న మంత్రగ్రంథం చేతిలో ఉంటే చాలు. మళ్లీ చదివితే పాత పనివాడు మాయమవుతాడని పాఠంలో ఎక్కడా లేదు కాబట్టి, ఒక గంట తీరికగా కూర్చున్న విజర్డ్ చుట్టూ ఆరుగురు పనివాళ్లు నిలబడి ఉండవచ్చు, వారిలో మొదటివాడికి పది నిమిషాల ఆయుష్షే మిగిలి ఉంటుంది. యుద్ధంలో ఆరుగురూ ఒకేసారి పరుగులు తీయరు, ఎందుకంటే వంతుకు ఒక్క బోనస్ యాక్షనే ఉంటుంది. కానీ యుద్ధానికి ముందు ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగిస్తే, అది పూర్తయ్యేదాకా చేసి మళ్లీ ఆజ్ఞ కోసం నిలబడతారు. మన అమ్మమ్మల కథల్లో భూతానికి పని చెప్పకపోతే మింగేస్తుంది, చివరికి కుక్కతోకను నిటారుగా చేయమని చెప్పి తప్పించుకోవలసి వస్తుంది. ఈ పనివాడితో ఆ బెడద లేదు.

బెడద వేరే చోట ఉంది: అతడికి బుద్ధి లేదు. "తలుపు దగ్గర కాపలా ఉండి, అనుమానాస్పదంగా ఎవరైనా వస్తే చెప్పు" అనే ఆజ్ఞలో అనుమానించడం, నిర్ణయించడం, తిరిగి చెప్పడం అనే మూడు పనులున్నాయి, మూడూ అతడికి చేతకావు. "ఆ మేకుకు వేలాడుతున్న తాళాల గుత్తిని గుడ్డలో చుట్టి, గోడ వారగా నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి నా చేతికివ్వు" అన్న ఆజ్ఞ పొడవుగా ఉన్నా అన్నీ చేతిపనులే కాబట్టి సాగుతుంది. గుడ్డ ఎందుకంటే, పనివాడు కనిపించడు గానీ అతడి చేతిలోని వస్తువు కనిపిస్తుంది. గాలిలో తేలుతూ గలగలమనే తాళాలను చూసి నిద్రపోతున్న కావలివాడైనా లేస్తాడు.

ఈ ఉదాహరణనే కొంచెం దగ్గరగా చూద్దాం. మీరు చెరసాలలో ఉన్నారు, గ్రంథం లాగేసుకున్నారు, కనుక రిచువల్ కుదరదు. కానీ మంత్రం ముందే సిద్ధం చేసుకుని ఉండి, ఒక స్లాట్ మిగిలి ఉంటే చాలు. దారం దుప్పటి అంచు నుంచి వస్తుంది, చెక్క ముక్క మంచం కోడు నుంచి వస్తుంది. మంత్రాన్ని పైకి చదవాలి కాబట్టి కావలివాడు అటువైపు వెళ్లేదాకా ఆగాలి. కటకటాలు చూపును, మంత్రాన్ని పూర్తిగా అడ్డగించవు కనుక పనివాడిని మీ పక్కన పుట్టించి నడిపించనవసరం లేదు. 45 అడుగుల దూరంలోని మేకు కిందనే నేరుగా పుట్టించవచ్చు. అక్కడి నుంచి తిరిగి రావడానికి 15 అడుగుల చొప్పున మూడు వంతులు, అంటే 18 సెకన్లు.

దూరంలో పుట్టించగలగడం ఈ మంత్రానికి అసలైన కీలకమని నా అభిప్రాయం. అగాధానికి అవతలి ఒడ్డున, ఇనుప గేటుకు ఆవల మీట పక్కన, నీటి కాలువకు అటువైపు ఉన్న పడవ తాడు దగ్గర, 60 అడుగుల లోపు అడ్డు లేకుండా కనిపించే నేల ఎక్కడున్నా పనివాడు అక్కడ పుడతాడు. అతడు ఎగరగలడని పాఠంలో లేదు, అయితే ఎగరవలసిన అవసరమే రాదు. తాడు కొసను అవతలికి విసిరి, చెట్టుకు చుట్టి ముడివేయమని చెప్పవచ్చు. ఆ ముడి మీ బరువును ఆపుతుందా అన్నది మాత్రం డీఎం (ఆటను నడిపే డంజన్ మాస్టర్) తేల్చవలసిన విషయం, కాబట్టి మొదట బృందంలో తేలికైనవారిని పంపడం మర్యాద కాకపోయినా వివేకం.

మూసిన తలుపు మరో మంచి అవకాశం. ఆజ్ఞ మనసులోనిది కాబట్టి మాట అవతలికి వినిపించనవసరం లేదు. గదిలో పనివాడిని ఉంచి, మీరు బయటికి వచ్చి తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టమంటే, వెంబడించేవారు ఖాళీ గది తలుపును గొడ్డళ్లతో నరుకుతూ కూర్చుంటారు. మా బృందం ఒకసారి ఈ ఉపాయంతో ఒక కోట నుంచి బయటపడింది, కానీ సామాను సంచీ ఆ గదిలోనే మరిచిపోయింది.

మాటు వేసే ముందు నూనె పని అప్పగించవచ్చు. ఒక సీసా నూనె ఐదడుగుల చదరానికి సరిపోతుంది, అంటుకుంటే రెండు రౌండ్లు (అందరి వంతులూ ఒకసారి పూర్తయితే ఒక రౌండ్) మండుతుంది, అందులో అడుగుపెట్టినవారికి 5 హిట్ పాయింట్ల నష్టం కలిగిస్తుంది. ఐదడుగుల వెడల్పున్న వసారాలో ఐదు సీసాలు ఒంపిస్తే 25 అడుగుల దారి సిద్ధమవుతుంది. నిప్పు పెట్టే పనిని పనివాడికి ఇస్తే అది దాడి అవునా కాదా అన్న వాదన మొదలవుతుంది, పైగా ఒక్క హిట్ పాయింట్‌తో అతడూ అక్కడే ముగిసిపోతాడు. ఆ పని మీరే ఫైర్ బోల్ట్ అనే నిప్పు మంత్రంతో దూరం నుంచి చేయడం మేలు. చీకటి సొరంగంలో లాంతరు పట్టించి 40 అడుగులు ముందు నడిపిస్తే విలుకాండ్రు ఆ వెలుగు మీదికే బాణాలు వేస్తారు, వారున్న చోటు మీకు తెలిసిపోతుంది.

పెట్టెల విషయం చెప్పనే అక్కరలేదు: అందరూ దూరం జరిగి, మూత తెరవమని చెప్పాలి. పేలితే పోయేది పది నిమిషాల శ్రమ. నేల మీది ఉచ్చుల దగ్గరే చిక్కు. 2003 నాటి 3.5 ఎడిషన్‌లో పనివాడు ఉచ్చులను పనిచేయించగలడని, అయితే 20 పౌండ్ల బలాన్ని మాత్రమే ప్రయోగించగలడని స్పష్టంగా ఉండేది. ఐదో ఎడిషన్ అతడి సొంత బరువు గురించి ఏమీ చెప్పదు. అందువల్ల అతడిని నడిపించి వాదించడం కంటే, 30 పౌండ్ల రాళ్ల సంచీ మోయించి, బరువు పడితే ఉచ్చును పనిచేయించే నేల పలక మీద వేయించడం సులువు. రాళ్ల బరువును ఏ డీఎం కాదనలేరు.

డీఎంతో ఆటకు ముందే మాట్లాడుకోవలసినవి కొన్ని మిగులుతాయి. ఒకేసారి ఎంతమంది పనివాళ్లను ఒప్పుకుంటారు, మీరే 60 అడుగులు దాటి వెళ్లిపోతే ఏమవుతుంది, ఆకారం లేని పనివాడికి ముసుగు దుప్పటి కప్పితే మనిషిలా కనిపిస్తాడా అన్నవి ముఖ్యం. ఈ చివరి ప్రశ్నకు మా డీఎం "నిలబెట్టిన దుప్పటిలా కనిపిస్తాడు" అని తీర్పు చెప్పారు, అందుచేత అప్పటి నుంచి మేము దుప్పటిని చీకట్లోనే వాడుతున్నాము.