పండగ పజిల్ షీటు క్లాసులో ఎక్కడ ఆగిపోతుంది?

సంక్రాంతి సెలవులకు ముందు రోజు సగం క్లాసు ఊళ్లకు వెళ్లిపోతుంది. మిగిలిన సగానికి కొత్త పాఠం చెప్పలేం, ఊరికే కూర్చోబెట్టలేం. అప్పుడే లెక్కల టీచర్లకు లాజిక్ పజిల్ షీటు, అంటే ఇచ్చిన క్లూలతో ఎవరిది ఏదో తేల్చే కాగితం, గుర్తొస్తుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు. మొదటి ఏడాది ప్రతి షీటూ ఎక్కడో ఒకచోట మొరాయించింది. తప్పు పిల్లల్లో వెతికాను గానీ ఎక్కువసార్లు అది కాగితంలోనే దొరికింది.

"సార్, నాకు రెండు జవాబులు వచ్చాయి"

ఇది వినగానే మన నోట వచ్చే మాట "సరిగ్గా చూడరా". ఆ మాట అనేముందు షీటు చూడండి. నేను స్వయంగా రాసుకున్న గాలిపటాల పజిల్ ఇది. లత, రవి, సలీం దగ్గర ఎరుపు, పసుపు, నీలం గాలిపటాలు తలా ఒకటి ఉన్నాయి. ఎవరిది ఏ రంగు?

1. లతది పసుపు కాదు.
2. రవిది ఎరుపు కాదు.
3. సలీంది నీలం కాదు.

ముగ్గురికి మూడు క్లూలు, సరిపోతాయనుకున్నాను. సరిపోవు. మూడు రంగులను ముగ్గురికి పంచే పద్ధతులు ఆరు. ఈ క్లూలు నాలుగింటిని కొట్టేస్తాయి, రెండు మిగులుతాయి: లత ఎరుపు, రవి నీలం, సలీం పసుపు, లేదా లత నీలం, రవి పసుపు, సలీం ఎరుపు. వెనక బెంచీ అమ్మాయి రెండూ రాసుకొచ్చింది. రెండోది తప్పని కొట్టేశాను. సాయంత్రం ఇంట్లో ఆరూ వరుసగా రాసి చూస్తే తప్పు నాది. మర్నాడు ఆ అమ్మాయి పుస్తకంలో నా ఎర్ర గీత పక్కన నేనే టిక్కు పెట్టాను.

"రవిది నీలం కాదు" అని నాలుగో క్లూ చేర్చగానే ఒక్క జవాబే నిలిచింది. కాబట్టి షీటు పంచేముందు అన్ని పద్ధతులూ రాసి ఒక్కో క్లూతో కొట్టేసి చూడండి. ముగ్గురికైతే 6, నలుగురికి 24, ఓపిక పడితే అయ్యే పనే. రంగుతో పాటు తిన్న పిండివంట కూడా కలిపితే మాత్రం ముగ్గురికే 36, నలుగురికి 576. అప్పుడు పక్క టీచర్‌కి ఇచ్చి, పేర్లు ఒకవైపు, రంగులు ఇంకోవైపు ఉన్న పట్టికలో కాదన్నచోట ఇంటూ పెడుతూ గడులు నింపమనండి. ఆయన "ఇక్కడ ఊహించాను" అన్నచోట క్లూ తగ్గిందేమో చూసుకోండి. ఉగాది పచ్చడిలోని ఆరు రుచులతో పజిల్ చేయాలని ఆశపడకండి, ఆరుగురికి పంచితే 720 పద్ధతులు. మూడు రుచులు చాలు.

రెండు జవాబుల షీటు పారేయనక్కర్లేదు. "ఇంకొక్క క్లూ రాసి, ఒకే జవాబు వచ్చేలా చేయండి" అని ఏడో తరగతికి ఇచ్చాను. అసలు పజిల్ కన్నా ఆ పీరియడే బాగా నడిచింది.

షీటు ముందు పెట్టుకుని కూర్చుంటారు, పెన్సిల్ కదలదు

ఇది చాలాసార్లు లెక్క రాక కాదు. ఒక డిసెంబర్‌లో నెట్‌లో దొరికిన షీటు ఉన్నదున్నట్టు ప్రింట్ తీశాను. మంచు బొమ్మలు, వాటి మెడలో మఫ్లర్లు, క్యారెట్ ముక్కు. ముక్కుకి క్యారెట్ ఎందుకో చెప్పేసరికి పావుగంట పోయింది. షీటు ఎముకల గూడు మంచిదే, పైన చర్మం మార్చుకోవాలి. మంచు బొమ్మల బదులు గొబ్బెమ్మలు, మఫ్లర్ల బదులు బంతి, చామంతి, గుమ్మడి పూలు పెడితే క్లూల లెక్క మారదు.

అలాగని మన పండగ అందరికీ తెలుసనుకోకండి. "కనుమకు ముందు రోజు అరిసెలు" అని రాస్తే, అది సంక్రాంతి నాడని తెలిసినవాడే ముందుకెళ్తాడు. సద్దుల బతుకమ్మ చివరి రోజు వస్తుందని తెలంగాణ పిల్లలకు చెప్పక్కర్లేదు, బయటి రాష్ట్రం నుంచి కొత్తగా చేరిన పిల్లాడికి చెప్పాలి. పండగ తెలిస్తేనే విడిపోయే క్లూ లాజిక్ కాదు, జీకే. షీటు పైన "భోగి, సంక్రాంతి, కనుమ - ఇదీ వరుస" అని ఒక్క లైను రాయండి. ఏడాదిలో కొన్ని షీట్లు పండగ లేకుండా, మామిడికాయలు, తొలకరి, పత్తితీత మీద ఉంటే మరీ మంచిది.

భాష కూడా చూడండి. "వెంటనే తర్వాత", "ఇద్దరిలో ఒకరిదే" అన్న మాటల దగ్గర ఆరో తరగతి ఆగిపోతుంది. మొదటి క్లూ బోర్డు మీద మీరే చేసి చూపించండి.

ఐదు నిమిషాల్లో అందరూ "అయిపోయింది సార్"

ఒకడు చేశాడు, ముప్పై మంది చూశారు. జవాబుకి మూడే గడులు, ఎక్కించుకోవడానికి ఒక్క చూపు చాలు. అందుకని గడిలో పెట్టే ప్రతి ఇంటూ పక్కన ఏ క్లూ వల్లో ఆ నంబర్ రాయమంటాను. జవాబుకి 1 మార్కు, నంబర్లకి 4. కాపీ కొట్టేవాడు కూడా పక్కవాణ్ణి "ఇక్కడ 2 ఎందుకు వేశావురా?" అని అడగాల్సి వస్తుంది. ఆ గోల నాకు ఇష్టమే.

జిరాక్స్‌లో రంగులు పోయాయి

లేత నీలం, గులాబీ రెండూ ఒకే బూడిద రంగులో వస్తాయి. రంగు బొమ్మ పెట్టకండి, రంగు పేరు రాయండి. గడి చిటికెనవేలి గోరంతైనా ఉండాలి, లేకపోతే క్లూ నంబర్ పట్టదు.

"ఇది లెక్కలేనా?"

పిల్లలు అడుగుతారు, హెడ్మాస్టర్ కిటికీలోంచి తొంగిచూసి ఆయనా అడుగుతారు. పదో తరగతిలో √2 కరణీయ సంఖ్య (పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది) అని ఎలా నిరూపిస్తాం? ముందు అది అకరణీయం (అలా రాయగలిగేది) అనుకుంటాం, పొసగని చోటికి వస్తాం, అనుకున్నది కొట్టేస్తాం. పై పజిల్‌లో నాలుగు క్లూలూ పెట్టుకుని "లతది ఎరుపు అనుకుందాం" అని మొదలుపెట్టండి. నీలం సలీంకి పోదు, రవికీ పోదు, గాలిపటం ఒకటి మిగిలిపోతుంది. అంటే లతది ఎరుపు కాదు. షీటు వెనక "అనుకుందాం", "కానీ", "కాబట్టి" అని మూడు మాటలు ముందే అచ్చు వేసి, వాటి పక్కన ఖాళీ గీతలు వదలండి. ఎనిమిదో తరగతి పిల్లలు గాలిపటాలతో అవి నింపిన కాగితాలు ఒక కట్టగా బీరువాలో ఉంచాను, హెడ్మాస్టర్ అడిగితే అవే చూపిస్తాను.